సుందరకాండ రికార్డు, మా యూరి పాట



ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింప దలచిన విషయము ఒక రికార్డు. రికార్డు అనగానే మీలో కొందఱికి తాలూకా కచ్చేరిలోని కాగితపు కట్టలు జ్ఞాపకమునకు రావచ్చును. నేను చెప్పబోవునది ఆ రికార్డు కాదు. ఒక మనుష్యుడు తానే మాట కట్టి, తానే వరుస కూర్చి, తానే పాడి, ఆ పాటను స్టూడియోలో యంత్రమునకు అప్పగించి, లోకమునకు విడిచిపెట్టిన రికార్డును గుఱించి చెప్పుచున్నాను. అది ఎం. ఎస్. రామారావు గారి సుందరకాండము. దానిని విననివారు మీలో మిక్కిలి అరుదుగా నుందురు. మన అనంతపురము సీమలో ఆంజనేయస్వామి గుడి లేని యూరు కనబడుట కష్టము. ఆ గుడిమీద మైకు కట్టిన నాటినుండి ఈ పాట వినబడని యూరు కనబడుటయు కష్టమే.

అయితే వినుట వేఱు, విన్నదానిని గుఱించి యోచించుట వేఱు. ఆ గొంతు ఎవరిది? ఆ పాట మనయొద్దకు ఏ త్రోవను వచ్చినది? అది వచ్చిన పిమ్మట మన యూరి పాటలకు ఏమి సంభవించినది? ఈ మూడు ప్రశ్నలు నన్ను చాలకాలముగా విడువక యున్నవి. మొదటి రెండింటికి సమాధానము పెద్దలవలనను పుస్తకములవలనను దొరకినది. మూడవదానికి మా యింటిలోనే దొరకినది.

మాది కళ్యాణదుర్గము వైపు మెట్టయూరు. మన సీమ సంగతి మీకు నేను చెప్పవలసినది లేదు. అయినను రేడియోను దూరప్రాంతములవారును వినుచుందురు గనుక రెండు మాటలు చెప్పెదను. నైరుతి ఋతుపవనములు తెచ్చు నీటిని పడమటి కనుమలు ముందుగనే పిండుకొనును. ఈశాన్య ఋతుపవనములు కోస్తాలో కురిసి, మనవఱకు వచ్చునప్పటికి చేతులు దులుపుకొనును. రెంటికి నడుమ పడిన యీ పీఠభూమికి ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అనగా ఇరువదిరెండు అంగుళములు, దక్కును. అదియైనను వేరుసెనగ ఊడ దిగు వేళకు రాక, కాయ పెఱుకు వేళకు వచ్చును. దేశమునందు వర్షము మిక్కిలి తక్కువగల జిల్లాలను చెప్పునప్పుడు, రాజస్థానమునందలి జైసల్మేరు పేరు చెప్పి, దాని వెంటనే మన పేరు చెప్పుట వాడుక.

ఇట్టి సీమలో పాట వినోదము మాత్రమే కాదు. వాన రాకున్న మనమేమి చేసెదము? విరాటపర్వము చదివించెదము. కప్పతల్లిని ఇంటింటికి త్రిప్పి నీళ్లు పోయించెదము. ఆంజనేయస్వామి గుడిలో రాత్రి యంతయు భజన చేసెదము. పాట మనకు పైవానికి పెట్టుకొను అర్జీ. అట్టి అర్జీ వ్రాయువాడు ప్రతి యూరను ఒకడుండును. మా యూర ఆ పని మా జేజినాయన చేసెడివాడు.

ఆయనకు అక్షరము రాదు. చెక్కభజనకు పాటలు కట్టెడివాడు. సేద్యము చేయుచు కట్టిన పాటను మొదట ఎద్దులకు వినిపించెడివాడు, పిమ్మట మనుష్యులకు. మా చెఱువు ఎండిపోయిన యొక సంవత్సరము, ఆ చెఱువును ఊరికి తల్లిగా భావించి, ఆమె అలిగి పుట్టినింటికి పోయినదని ఒక పాట కట్టినాడు. దాని పల్లవి మాత్రము చిన్నతనమున నా చెవిని పడినది. నాకు తొమ్మిదేండ్లప్పుడు ఆయన కాలము చేసెను. పాటయు ఆయన వెంటనే పోయినదని మేమందఱము అనుకొంటిమి. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొన గోరుచున్నాను. దీనియొద్దకు మఱల వచ్చెదను.

ఇక రికార్డు పుట్టుక. 1902వ సంవత్సరమున గ్రామఫోను కంపెనీవారు తమ మనుష్యులను కలకత్తాకు పంపి మన దేశపు గాయకుల పాటలను ముద్రింపించిరి. 1908లో కలకత్తాలోనే రికార్డులు చేయు కార్ఖానా వెలసెను. ఆ నల్లని పళ్లెములు దేనితో చేసెడివారో యెఱుగుదురా? మన అడవులలో చెట్ల కొమ్మలను పట్టియుండు లక్కతో. లక్కను రాతిపొడితో కలిపి, కాచి, అచ్చున నొత్తెడివారు.

అందులో పాట నిలుచు విధము సేద్యగాండ్రమైన మనకు సులభముగా బోధపడును. పాడువాని గొంతు గాలిని కదలించును. ఆ కదలిక ఒక సూదిని కదలించును. సూది మెత్తని మైనముమీద వంకరలు వంకరలుగా నాగటి చాలువంటి గీత గీయును. ఆ చాళ్లకు అచ్చు తీసి లక్క పళ్లెముమీద నొత్తుదురు. పిమ్మట ఆ పళ్లెమును త్రిప్పి అదే చాలులో మఱియొక సూదిని నడపినయెడల, చాలు వంకరలు సూదిని కదలించును, సూది గాలిని కదలించును, పాడిన మనిషి ఎదుట లేకున్నను పాట వినబడును. దున్నినది ఒకమాఱు, పంట ఎన్నిమాఱులైనను.

కాని ఆ పళ్లెమున ఒక లోపముండెను. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పది అంగుళముల పళ్లెమున ఒక ప్రక్కను సుమారు మూడు నిమిషముల పాట మాత్రమే పట్టును. హరికథను తెల్లవార్లు చెప్పించుకొను దేశములో మూడు నిమిషములు! అందుచేత పెద్ద రచనను పాడవలసి వచ్చినప్పుడు దానిని తునుకలు చేసి అనేక పళ్లెములమీద నెక్కించి, ఆ పళ్లెములను కాగితపు సంచులు కుట్టిన యొక పుస్తకములో భద్రపఱచెడివారు. పటములు దాచుకొను పుస్తకమువలె నుండుటచేత దానికి ఆల్బము అని పేరు వచ్చెను. నేడు పుస్తకము పోయినది, పళ్లెమును పోయినది, పేరు మాత్రము నిలిచినది. ఒక గాయకుడు ఒక వరుసలో వెలువరించు పాటల గుంపును నేటికిని ఆల్బమనియే యందురు.

1948లో అమెరికాలో నిమిషమునకు ముప్పదిమూడున్నొక్క మూడవవంతు చుట్లు తిరుగు పెద్ద పళ్లెము బయలుదేఱెను. దాని ఒక్కొక్క ప్రక్కను ఇరువది నిమిషములకు పైగా పాట పట్టును. అటుపిమ్మట గాని కథ నడచు పాటకు పళ్లెముమీద తగిన చోటు దొరకలేదు. తరువాత క్యాసెట్టు వచ్చి, విద్యుద్యంత్రము కొనలేని పల్లెకును ఆ పాటను జేబులో పెట్టి పంపినది.

మాటను, వరుసను తానే కూర్చువానికి మన పెద్దలు వాగ్గేయకారుడని పేరు పెట్టినారు. 13వ శతాబ్దమున శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున మాటను మాతువనియు, వరుసను ధాతువనియు చెప్పి, రెండింటిని కూర్పగలవానిని కొనియాడినాడు. తెలుగునాట అట్టివారి చరిత్రమును బాలాంత్రపు రజనీకాంతరావు గారు ఆంధ్ర వాగ్గేయకార చరిత్రమను పేర వ్రాసినారు. ఆ గ్రంథమునకు 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. రజనీకాంతరావు గారు తామును వాగ్గేయకారులే. పైగా రేడియోవారు.

అట్టి వాగ్గేయకారులలో మన పొరుగు కడప జిల్లా తాళ్లపాకలో పుట్టిన అన్నమాచార్యులవారి సంగతి ఈ సందర్భమున మిక్కిలి పనికివచ్చును. ఆయన 1408 నుండి 1503 వఱకు జీవించినారు. సాళువ నరసింహరాయలు తనమీదను ఒక పాట కట్టుమని అడుగగా, దేవునిపై తప్ప కట్టనని ఆయన నిరాకరించెననియు, అందులకు సంకెళ్లు వేయించిరనియు మనుమడు చిన్నన్న ద్విపదలో వ్రాసినాడు. ఒకరి చేతికింద నుండక, తన పాటను తానే కట్టి పాడుకొను స్వతంత్రుడనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఆయన కీర్తనలు 32,000 అని ప్రతీతి. కుమారుడు పెద తిరుమలాచార్యుడు వానిని రాగి రేకులమీద చెక్కించినాడు. ఇంట తాటియాకులున్నను రాగిమీద చెక్కించుటలో ఆయన యుద్దేశము స్పష్టము: చెదలు తినరాదు, నిప్పు కాల్చరాదు, పాట నిలువవలెను. అవి తిరుమల ఆలయమున సంకీర్తన భాండారములో చిరకాలము పడియుండి, 20వ శతాబ్దమున వెలికివచ్చి అచ్చుపడినవి. దాదాపు 14,000 కీర్తనలు మిగిలినవి.

అయితే రేకు దేనిని కాచినది? మాటను కాచినది. రాగము పేరును కాచినది. వరుసను కాయలేకపోయినది. అన్నమయ్యగారి నోట ఆ పాట ఎట్లు పలికెనో, ఎచ్చట ఆగెనో, ఎచ్చట సాగెనో రాగికి తెలియదు. ఆ లోటును కొంతయైన తీర్పవలెనని పూనుకొన్న మహానుభావులలో ఒకరు మన జిల్లావారే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు 1893లో మన రాళ్లపల్లి గ్రామమున జన్మించినారు. మైసూరు మహారాజా కళాశాలలో దీర్ఘకాలము తెలుగు బోధించి, సంగీతమును కూడ కుదురుగా నేర్చి, 1950లో తిరుపతికి పోయి, అన్నమాచార్య కీర్తనలను పరిష్కరించుచు అనేక కీర్తనలకు స్వరములు కూర్చినారు. 1974లో మద్రాసు సంగీత విద్వత్సభవారు ఆయనకు సంగీత కళానిధి బిరుదమిచ్చిరి. 1979లో ఆయన స్వర్గస్థులైనారు. ఆయన కూర్చిన వరుసలు మధురములు. కాని అవి శర్మగారి వరుసలు. అన్నమయ్యగారి వరుసలు కావు. ఏ పండితుడును ఆ తొలి గొంతును త్రవ్వి తీయజాలడు. ఐదువందల ఏండ్ల పిమ్మట ఈ కఱవుసీమ బిడ్డ ఒకడు మాటను పట్టుకొని వరుస కొఱకు వెదకవలసి వచ్చినది.

ఇప్పుడు రామారావు గారి యొద్దకు వచ్చెదను.

మోపర్తి సీతారామారావు గారు 1921లో గుంటూరు జిల్లా మోపఱ్ఱు గ్రామమున జన్మించినారు. తెలుగు చలనచిత్రములలో తొలిదినములందు నటులే తమ పాటలు పాడుకొనెడివారు. 1944లో వై. వి. రావు గారు తీసిన తహసీల్దారు చిత్రమున ఆ పద్ధతి మాఱినది. తెఱమీద నటుడు పెదవి కదలించెను. తెఱవెనుక రామారావు గారు పాడిరి. తెలుగున మొదటి నేపథ్య గాయకుడను కీర్తి ఆయనకు ఆ విధముగా దక్కినది. ఆ తరువాత పెక్కేండ్లు ఆయన గొంతు ఇతరుల పెదవులకు ఉపయోగపడినది. ఇతరులు వ్రాసిన మాట, ఇతరులు కట్టిన వరుస, ఇతరుల ముఖము. కూలికి పోయి ఒకరి పొలము దున్నుటవంటిది. అది తక్కువ పని యనుట లేదు. దానితో ఎందఱి కుటుంబములో గడచినవి. కాని తన చేను తనకుండవలెనను కోరిక సేద్యగాని కెంత సహజమో, తన పాట తనకుండవలెనను కోరిక గాయకునికి అంత సహజము.

రామారావు గారికి ఆ చేను సుందరకాండము. వాల్మీకి సుందరకాండమున 68 సర్గలున్నవి. సంస్కృతము చదువలేనివారికి అది దూరపు కొండ. రామారావు గారు ఆ కథను చిన్నచిన్న తెలుగు మాటలతో, చిన్న పాదములతో, ఒకే నడకలో నడచు పాటగా కట్టి తామే పాడినారు. హనుమంతుడు సముద్రము దాటుట మొదలు సీతమ్మ జాడ తెచ్చుటవఱకు కథ ఎచ్చటను తెగకుండ సాగును. అందు గమకముల ఆడంబరము లేదు. గొంతు మెల్లగా, గంభీరముగా, ఇంటి పెద్ద సాయంకాలము అరుగుమీద కూర్చుండి కథ చెప్పినట్లుండును. రెండుమాఱులు విన్నవాడు మూడవమాఱు కలిసి పాడగలడు. ఆ రికార్డు గొప్పతనము నా దృష్టిలో అదియే. ఆయన పాడుటకు మాత్రమే కాక, మనచేత పాడించుటకు దానిని కట్టినారు. హనుమాన్ చాలీసాను కూడ ఆయన తెలుగు చేసి పాడినారు. జనులు ఆయనను సుందరదాసు అని పిలిచిరి. 1992లో ఆయన పరమపదించినారు. గొంతు మాత్రము తెల్లవాఱు జామున నేటికిని మన గుళ్లమీద పలుకుచున్నది.

ఈ పాట మన సీమకు ఇంత దగ్గఱ యగుటకు ఇంకొక కారణము నాకు తోచుచున్నది. సీతమ్మను లంకలో వెదకి వెదకి కానక, ఒకచోట హనుమంతుడంతవాడును నిరాశపడి ప్రాణము విడువ దలచును. పిమ్మట తేఱుకొని, ఇంకను చూడని చోటు మిగిలియున్నదేమో యని లేచి మఱల వెదకును. ఒక్క కార్తెలో రెండుమాఱులు విత్తనము చెడి, మూడవమాఱు అప్పు తెచ్చి గొఱ్ఱు పట్టిన రైతునకు ఈ ఘట్టమును ఎవరును వ్యాఖ్యానింప నక్కఱలేదు.

మా యూరికి ఈ పాట 1980 తరువాత క్యాసెట్టుగా వచ్చినది. శ్రావణమాసమున కసాపురము నెట్టికంటి ఆంజనేయస్వామి దర్శనమునకు పోయినప్పుడు మా నాయన అంగడిలో కొని తెచ్చినాడు. గుడికి మైకు, దానికొక పెట్టె అంతకుముందే చందాలు వేసి తెచ్చియుంటిమి. మొదటి శనివారము ఆ పాట పెట్టినప్పుడు ఊరెల్ల గుడి ముందు కూర్చున్నది. పొలము పనులున్నవారును లేవలేదు.

నిజము చెప్పవలెనన్న, ఆ సంతోషముతోనే ఒక నష్టమును ప్రారంభమైనది. అంతకుముందు శనివారము రాత్రి చెక్కభజన జరుగుచుండెను. ఒకడు తాళము తప్పును, ఒకని గొంతు బొంగురు, ఒకడు సగము నిద్రలో పాడును. క్యాసెట్టు తాళము తప్పదు, దానికి నిద్ర రాదు. ఇంత చక్కని పాట మీట నొక్కిన వచ్చుచుండగా మన గొంతులు చించుకొనుట యెందులకని కుఱ్ఱవాండ్రము అంటిమి. అన్నవారిలో నేనును ఒకడను. రెండేండ్లలో చెక్కలు గుడి అటకమీది కెక్కినవి. పెద్దలు ఏమియు అనలేదు. పిలువనిచోట పాడుటకు వారు అభిమానపడిరి.

1986 ప్రాంతమున మన జిల్లాలో వరుస కఱవులు వచ్చినవి. మా చెఱువు మఱల ఎండినది. వానకొఱకు గుడిలో తెల్లవార్లు సుందరకాండము పెట్టవలెనని నిర్ణయించితిమి. నడిరేయి దాటిన తరువాత, హనుమంతుడు అశోకవనము చేఱిన ఘట్టమున కరెంటు పోయినది. పాట గుటుక్కున ఆగినది. చీకటిలో నిమిషమొకటి అందఱము మౌనముగా నుంటిమి. నేను పెట్టెయొద్ద తడవుకొనుచుండగా, వెనుక స్తంభము దగ్గఱనుండి మా మేనత్త, పాట ఆగిన పాదమునుండియే ఎత్తుకొని పాడసాగెను. ఆమెకు అక్షరము రాదు. ఎన్నడును పుస్తకము పట్టలేదు. శనివారములు విని విని పట్టుకొన్నది. ఆమె వెనుక ఒకరు, మఱియొకరు, పిమ్మట గుడి యంతయు అందుకొన్నది. ఎవరో అటక ఎక్కి చెక్కలు దింపిరి. దుమ్ము దులిపిన చప్పుడు నాకిప్పటికిని వినబడుచున్నది.

పాట ముగిసినప్పటికి తెల్లవాఱుచుండెను. "అత్తా, కరెంటు పొయ్యేసరికి పాట పొయ్యిందనుకొంటిమే" అని నేనంటిని. ఆమె నవ్వి, "కరెంటు పొయ్యింది గానీ నా గొంతు పోలేదు గదా నాయనా" అనెను.

వాన ఆ వారము రాలేదు. ఆ సంవత్సరపు పంటయు దక్కలేదు. పాట పాడగానే వాన కురిసెనని చెప్పి మిమ్ము మభ్యపెట్టను. కాని ఆ రాత్రి నాకొక్క సంగతి బోధపడినది. మా చెక్కలను మూలకు నెట్టినది రామారావు గారి రికార్డు కాదు. మా సోమరితనము. ఆయన పాట నేర్పినది. మేమది నేర్చుకొనక, మా బదులు దానినే పాడుమంటిమి. అక్షరము రాని మా మేనత్త ఒక్కతె ఆ రికార్డును గురువుగా భావించినది. మేము దానిని కూలివానిగా భావించితిమి.

ఇప్పుడు జేజినాయన పాటయొద్దకు వచ్చెదను. మా మేనత్త ఆయన కూతురే గదా. ఇన్ని యేండ్లు ఆమెను ఆ పాట సంగతి ఎవరమును అడుగలేదు. రికార్డులోని పాటను అన్నియేండ్లు విన్న మేము, ఇంటిలోని మనిషిని ఒక్కమాఱును వినలేదు. ఇప్పుడామెకు ఎనుబది దాటినవి. క్రిందటి యేడు శ్రావణమాసమున, నా మనుమడు తన ఫోనులో పాటలు ముద్రించుటను చూచి, "మీ జేజినాయన చెఱువు పాట నాకు కొంత వచ్చు" అని ఆమెయే నాతో అనెను. నాకు నోట మాట రాలేదు. నలువదేండ్లుగా ఆ మాటకొఱకు ఆమె వేచియున్నదేమో!

ఆ సాయంకాలమే వాకిట కూర్చుండబెట్టి పాడించితిమి. పల్లవి వచ్చినది. మొదటి చరణము పూర్తిగా వచ్చినది. రెండవ చరణమున సగములో ఆగి, కన్నులు మూసికొని చాలసేపు వెదకెను. "ఆడ మీ జేజినాయన ఒక మాట పెట్టినాడు. అది రాలే. అంతా వస్తాంది, అదే రాలే" అనెను. మూడవ చరణమున రెండు పాదములు. మొత్తము ఐదు చరణములని ఆమెకు జ్ఞాపకము. నాలుగవది, ఐదవది పోయినవి. నలువదేండ్ల క్రిందట అడిగియుండిన అయిదును దొరకియుండెడివి. చెఱువు తల్లి పుట్టినింటికి పోయినదని పాట మొదలగును. ఆమె తిరిగి వచ్చినదా, రాలేదా? ఆ సంగతి చివరి చరణములో నుండెను. అది ఇప్పుడు ఎవరికిని తెలియదు.

ఆ ఖాళీని ఏదో ఒక మాటతో పూరించుదమని నా మనుమడు అనెను. నేను వలదంటిని. పూరించిన యెడల అది మన పాట యగును గాని జేజినాయన పాట కాదు. ఖాళీ ఖాళీగనే ఉండనిమ్మంటిని. ఎవరైన వేఱొక పాట కట్టదలచిన, వారి పేరుతో కట్టవచ్చును. శర్మగారు తమ వరుసలను అన్నమయ్య వరుసలని చెప్పలేదు గదా.

అయ్యలారా, అన్నమయ్యగారి పాటలో మాట నిలిచినది, వరుస పోయినది. రామారావు గారి పాటలో మాట, వరుస, గొంతు మూడును నిలిచినవి. మా జేజినాయన పాటలో సగము మాట, సగము వరుస, కూతురి గొంతున మిగిలినవి. ఈ మూడింటికి భేదము పాట గొప్పతనములో మాత్రమే లేదు. కాచినవారు ఉండుటలోను, లేకపోవుటలోను ఉన్నది. అన్నమయ్యగారికి రాగి చెక్కించిన కొడుకు ఉండెను. రామారావు గారికి యంత్రము ఉండెను. మా జేజినాయనకు మేమే ఉంటిమి.

ఒకప్పుడు ధ్వనిముద్రణము కలకత్తాలోనో మద్రాసులోనో జరుగవలసిన పని. నేడు పశువుల కాపరి జేబులోని ఫోను ఆ పని చేయును. స్టూడియోలో చప్పుడు రాకుండ గోడలకు మెత్తలు కట్టుదురు. మన యింట తలుపు మూసి, పంకా ఆపి, కోడిని బయటికి తోలిన చాలును. కనుక సాధనము లేదను సాకు మనకు లేదు. నేను అనుభవముతో నేర్చిన నాలుగు సంగతులు చెప్పి విరమించెదను.

ఒకటి: పాట పాడించుటకు ముందు పాడువారి పేరు, పాట కట్టినవారి పేరు, ఊరు, సంవత్సరము వారి నోటనే చెప్పింపుడు. పేరు లేని పాట గట్టు లేని చేను, ఎవరైన కలిపేసుకొందురు. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము ప్రకారము పాట కట్టినవానికి జీవితాంతము హక్కున్నది. ఆ పిమ్మట 60 ఏండ్లు అతని వారసులకున్నది. 1994లో చేసిన సవరణతో పాడినవారికిని వేఱుగా హక్కు కలిగినది. ఎవరో వచ్చి ఫోనులో ముద్రించుకొని పోయెదమన్న, పేరు వేయుదురా, ఫలమిత్తురా యని ముందుగా అడుగుడు.

రెండు: పాటను మొదటినుండి చివరవఱకు పాడింపుడు. చక్కని భాగమొక్కటి చాలునని తునుక చేయకుడు. మూడు నిమిషముల పళ్లెముల కాలము గతించినది. మనము మాత్రము ఇంకను మూడు నిమిషముల ఓపికతోనే ఏల యుండవలెను?

మూడు: ముద్రించినదానిని రెండుచోట్ల దాచి, మాటలను పుస్తకములో కూడ వ్రాసియుంచుడు. ఫోను పగులును, పుస్తకము తడియును. రెండును ఒకేనాడు పోవు.

నాలుగు: ముద్రించితిమి గదా యని ఊరకుండకుడు. ఆ పాటను పిల్లలచేత పాడింపుడు. పెట్టెలో నున్న పాట గాదెలోని విత్తనమువంటిది. విత్తనమును దాచవలసినదే. కాని వేళకు తీసి చల్లని విత్తనము మొలవదు.

మా యూర ఇప్పుడు శనివారము ఉదయము రామారావు గారి సుందరకాండమును మైకులో పెట్టుచున్నాము. సాయంకాలము దానినే మేము చెక్కలతో పాడుచున్నాము. కడపట జేజినాయన చెఱువు పాట పాడుదుము. రెండవ చరణమున ఆ మాట దగ్గఱకు రాగానే అందఱము ఆగి, చెక్కలు మాత్రము మ్రోగించి, తరువాతి మాటకు పోవుదుము. మేనత్త ముందుపంక్తిలో కూర్చుండి, ఆ చోటు వచ్చినప్పుడెల్ల పెదవులు కదలించును. ఒకనాటికి ఆ మాట ఆమెకు జ్ఞాపకము రావచ్చునని నా యాశ. రానిచో, అక్కడ ఒక మాట ఉండెనని మా పిల్లలకైన తెలియును.

మీ యూరనుకూడ ఇట్టివారు ఒకరో ఇద్దఱో ఉండియే యుందురు. ఈ రేడియో కట్టిన పిమ్మట పోయి వారినొకమాఱు అడుగుడు. పిలువనిదే పాడుటకు వారు అభిమానపడుచుందురు.